డెన్నిస్ రిచీ

డెన్నిస్ రిచీ (సెప్టెంబరు 9, 1941 - అక్టోబరు 2011) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త, సి ప్రోగ్రామింగు భాష సృష్టికర్త. ఇతడు న్యూయార్కు రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించాడు. హార్వర్డులో చదివి, 1967లో తన తండ్రి పనిచేసిన బెల్ ప్రయోగశాలలోనే చేరాడు. కెన్ థాంప్సన్‌తో కలిసి యునిక్స్‌ను రూపొందించాడు.

థాంప్సన్ రచించిన బి భాషలో సంఖ్యకు ముందు సున్న ఉంటే దానిని అష్టాంశ సంఖ్యగా గ్రహించేవారు. రిచీ ఈ సంప్రదాయాన్ని సి భాషలోనూ ఉంచాడు. అందువలన సి లో 010 అంటే పది కాదు, ఎనిమిది. విద్యార్థులు నేటికీ ఇక్కడ పొరబడుతుంటారు. పైథాన్ భాష 2008లో తన 3వ రూపాంతరంలో ఈ పద్ధతిని విడిచిపెట్టింది.

షోడశాంశ సంఖ్యలకు సున్న తరువాత ఎక్స్ అనే ఆంగ్లాక్షరం చేర్చాలి. ఈ నియమం రిచీ, బ్రయాన్ కెర్నిఘన్ 1978లో వెలువరించిన సి గ్రంథంలో ఉన్నది. పది నుండి పదిహేను వరకు విలువలను ఏ నుండి ఎఫ్ వరకు గల అక్షరాలు సూచిస్తాయి. ఉదాహరణకు, యూనీకోడులో తెలుగు "అ" సంఖ్య 3077. దీనిని 0ఎక్స్‌సి05 అని వ్రాస్తారు: సి విలువ 12; 12×256 + 5 = 3077. జావా, జావాస్క్రిప్టు, పైథాన్ కూడా ఇదే గుర్తును స్వీకరించాయి.

థాంప్సన్‌తో కలిసి 1983లో ట్యూరింగు పురస్కారం అందుకున్నాడు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని తన ఇంట్లో మరణించి ఉండగా గుర్తించారు. వారం ముందే స్టీవ్ జాబ్స్ మరణించడంతో, పత్రికలలో ఈ వార్తకు దక్కిన చోటు స్వల్పం.