రొట్టె ముక్కకు అక్షరం

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1818లో ఫ్రెడరిక్ డగ్లస్ జన్మించాడు. తాను ఏ రోజున పుట్టాడో ఆయనకు చివరి వరకు తెలియలేదు. తల్లి హారియట్ బెయిలీ నల్లజాతి బానిస. తండ్రి తెల్లజాతివాడని చెప్పుకొనేవారు. అయినా ఆనాటి చట్టం ప్రకారం బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ బానిసే. పసితనంలోనే అతణ్ణి తల్లి నుండి వేరుచేశారు. అమ్మమ్మ పెంచింది. తల్లి పగలంతా దూరపు పొలంలో పనిచేసి, ఎప్పుడో ఒక రాత్రి నడిచివచ్చి, బిడ్డను చూసుకొని, తెల్లవారేలోగా వెళ్ళిపోయేది.

ఎనిమిదేళ్ళ వయసులో అతణ్ణి బాల్టిమోర్ నగరంలో ఒక ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమానురాలు దయతో అక్షరాలు నేర్పసాగింది. భర్త అది చూసి మాన్పించాడు. చదువు వచ్చిన బానిస చెప్పినట్లు పడి ఉండడని అతని భయం. యజమానిని అంతగా భయపెట్టే చదువే తనను విడిపించగలదని బాలుడు గ్రహించాడు.

ఆ వీధిలోని పేద తెల్లపిల్లలకు చదువు వచ్చు. కడుపునిండా తిండి లేదు. ఫ్రెడరిక్‌కు ఇంట్లో రొట్టె దొరికేది. చదువు దొరికేది కాదు. రొట్టె ముక్కలిచ్చి వారి వద్ద పాఠాలు నేర్చుకున్నాడు. ఓడలు కట్టేచోట వడ్రంగులు కొయ్యలపై రాసే గుర్తులు చూసి రాయడం నేర్చాడు. తరువాత పొలం పనికి పంపినప్పుడు, ఆదివారాలలో తోటి బానిసలకు రహస్యంగా చదువు చెప్పాడు.

1838లో నావికుని దుస్తులు ధరించి, మరొకరి పత్రాలతో రైలెక్కి, ఉత్తరాదికి తప్పించుకున్నాడు. సభలలో బానిసత్వాన్ని ఖండించసాగాడు. ఇంత చక్కగా మాట్లాడేవాడు ఒకనాటి బానిస అంటే కొందరు నమ్మలేదు. అందుకే 1845లో పేర్లు, ఊళ్ళతో సహా తన కథ రాసి ప్రచురించాడు. దానితో పట్టుబడే ప్రమాదం ఏర్పడి బ్రిటన్ వెళ్ళాడు. 1846లో అక్కడి మిత్రులు యజమానికి 150 పౌండ్లు చెల్లించి ఆయనను విడిపించారు. తెల్లబిడ్డకు పుట్టుకతో వచ్చే స్వేచ్ఛను ఆయనకు వెల పెట్టి కొనవలసి వచ్చింది.

1847లో రాచెస్టర్ నగరంలో 'నార్త్ స్టార్' పత్రికను స్థాపించాడు. స్త్రీల ఓటు హక్కును సమర్థించాడు. అంతర్యుద్ధ కాలంలో, 1863లో అధ్యక్షుడు లింకన్‌ను కలిసి, నల్లజాతి సైనికులకు సమాన జీతం ఇవ్వాలని కోరాడు. 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. కాని నల్లవారికి ఓటు, చదువు, న్యాయమైన కూలి ఇంకా అందలేదు. వాటికోసం 1895లో మరణించే వరకు పాటుపడ్డాడు.

ఆదివారాలలో ఆయన దగ్గర చదువుకొన్న వారందరూ తప్పించుకోలేకపోయారు. వారికి లేనిది తెలివి కాదు, అవకాశం.