మందుల కంపెనీలను లెక్కలు అడిగిన సెనేటర్

మందు మంచిదా కాదా అని తేల్చాల్సిన సర్కారు ఆఫీసరే మందుల కంపెనీల సొమ్ము తింటే జనం ఎవరిని నమ్మాలి? అమెరికాలో 1960లో సరిగ్గా ఇదే బయటపడింది. బయటపెట్టింది ఎస్టెస్ కెఫావర్ అనే సెనేటర్.

కెఫావర్ 1903లో టెనెసీ రాష్ట్రంలోని మాడిసన్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. యేల్‌లో లా చదివి వకీలు అయ్యారు. 1948 సెనేట్ ఎన్నికల్లో క్రంప్ అనే రాజకీయ పెద్ద ఆయన్ని రకూన్ అనే జంతువుతో పోల్చి ఎగతాళి చేశాడు. ఈయన కోపం తెచ్చుకోలేదు. ఆ జంతువు తోలు టోపీ పెట్టుకుని ఊరూరా తిరిగి గెలిచారు. తర్వాత నేర ముఠాల మీద ఆయన నడిపిన విచారణను జనం టీవీల ముందు కూర్చుని చూశారు. 1956లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయారు.

1959 డిసెంబర్‌లో ఆయన కమిటీ మందుల ధరల మీద విచారణ మొదలుపెట్టింది. కీళ్ళవాతానికి వాడే ప్రెడ్నిసొలోన్ బిళ్ళ తయారీకి ఒకటిన్నర సెంటు పడుతుందని కమిటీ లెక్క కట్టింది. అదే బిళ్ళ రోగి చేతికి వచ్చేసరికి దాదాపు 30 సెంట్లు. పరిశోధనకు బోలెడు ఖర్చవుతుందని కంపెనీలు జవాబిచ్చాయి.

ఆ మరుసటి ఏడాది హెన్రీ వెల్చ్ సంగతి వచ్చింది. మందులను తనిఖీ చేసే ఎఫ్‌డీఏలో యాంటీబయాటిక్స్ విభాగానికి ఆయనే అధిపతి. పక్కన రెండు వైద్య పత్రికలకు సంపాదకుడు కూడా. ఆ పత్రికలకు ప్రకటనలిచ్చేదీ, వ్యాసాల కాపీలు కట్టలకొద్దీ కొనేదీ మందుల కంపెనీలే. అందులో వాటాగా ఆయనకు కొన్నేళ్ళలో 2,87,000 డాలర్లు ముట్టాయి. లంచం అని ఎక్కడా రాసి లేదు, అంతా పత్రిక ఆదాయమే! సంగతి బయటపడ్డాక ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఇంత జరిగినా కెఫావర్ బిల్లును సెనేట్‌లో నీరుగార్చేశారు. అప్పుడే థాలిడోమైడ్ ఘోరం తెలిసింది. గర్భిణులు ఆ మందు వేసుకోవడంతో జర్మనీలో, ఇంకా ఎన్నో దేశాల్లో వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అమెరికాలో మాత్రం ఎఫ్‌డీఏ డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా అనుమతి ఇవ్వలేదు. ఆఫీసు ఒక్కటే, ఆఫీసర్లలో ఎంత తేడా!

జనం కదిలారు. 1962 అక్టోబర్ 10న కెనెడీ కొత్త చట్టం మీద సంతకం చేశారు. అప్పటి నుంచి మందు ప్రమాదం లేనిదని చూపితే సరిపోదు, నిజంగా పని చేస్తుందని కూడా కంపెనీయే రుజువు చేయాలి.

మన దేశానికీ దీంతో సంబంధం ఉంది. కొన్ని యాంటీబయాటిక్స్ ధరలు ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని ఆ కమిటీ నివేదిక చెప్పింది. 1970 పేటెంట్ చట్టం తెచ్చేటప్పుడు ఇక్కడ ఆ మాట గట్టిగా వినిపించింది. ఆ చట్టం వల్లే హైదరాబాద్‌లో మందుల కంపెనీలు పెరిగి, చవక మందులు మన ఇళ్ళకు చేరాయి.

1963 ఆగస్టులో సెనేట్‌లో ఉండగానే కెఫావర్‌కు గుండెపోటు వచ్చింది. రెండు రోజులకు, 60 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన మొదట అడిగింది ధరల సంగతి. చట్టంలో చేరకుండా పోయింది కూడా అదే.