లాటిన్ చదివి జన్యుశాస్త్రంలోకి వచ్చిన హాల్డేన్

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకాల్లో హిందీ, ఇంగ్లీషు. ఇన్ని భాషలతోనే సరిపోతోంది, ఇక సైన్స్ ఎప్పుడు వస్తుందని మీరు దిగులు పడుతున్నారా? అయితే మన ఒడిశాలోనే కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్ గురించి తెలుసుకోండి.

ఆయన 1892 నవంబర్ 5న ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. యూనివర్సిటీలో చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్. సైన్స్ డిగ్రీ లేదు. శాస్త్రవేత్త అయిన తండ్రి పక్కన నిలబడి, చిన్నప్పటి నుంచీ ప్రయోగాలు చేస్తూ నేర్చుకున్నారు. చివరికి పేరుమోసిన జన్యుశాస్త్రవేత్త అయ్యారు.

మన కాలేయంలోనూ, చర్మంలోనూ ఉండే జన్యువులు ఒకటే. పని మాత్రం వేరు. ఎందుకంటే ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చూసే ఏర్పాటు ఉంది. గోడకున్న స్విచ్చి తన గది దీపాన్నే వెలిగిస్తుంది. దాన్ని నొక్కే మనిషి ఏ గదికైనా వెళ్తాడు. అలాగే జన్యువు ఉన్న డీఎన్ఏ పోగు మీదే ఉండే స్విచ్చి లాంటి భాగాన్ని సిస్ అంటారు. వేరే చోట తయారై వచ్చి దాన్ని నడిపే ప్రొటీన్ల వంటివాటిని ట్రాన్స్ అంటారు.

లాటిన్‌లో సిస్ అంటే ఇవతల, ట్రాన్స్ అంటే అవతల. రసాయనశాస్త్రంలో ఉన్న ఈ జంట మాటల్ని 1940ల మొదట్లో జన్యుశాస్త్రంలోకి తెచ్చింది హాల్డేనే. రెండు మార్పులు ఒకే క్రోమోజోము మీద ఉన్నాయా, జంటలో చెరొక దాని మీద ఉన్నాయా అని చెప్పడానికి ఆయన వాటిని వాడారు. 1961లో జాకబ్, మోనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాలో జన్యువుల స్విచ్చిని వివరించినప్పుడు ఈ తేడాయే పనికొచ్చింది.

హాల్డేన్ 1957లో కలకత్తాకు వచ్చి, భారత పౌరుడై, 1962లో భువనేశ్వర్ చేరారు. 1964 డిసెంబర్ 1న అక్కడే క్యాన్సర్‌తో చనిపోయారు. కణాల పెరుగుదలను అదుపులో ఉంచే జన్యువులు చెడితే వచ్చే జబ్బే అది. బతికుండగా తన ఒంటి మీదే ఎన్నో ప్రయోగాలు చేసుకున్న ఆయన, ఆ శరీరాన్ని విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. భువనేశ్వర్‌కీ కాకినాడకీ మధ్యలోనే ఉంది మన గోపాలపూర్.

కాబట్టి సైన్స్ పాఠంలో కొత్త మాట వస్తే బట్టీ పట్టకండి. అది ఏ భాషదో, అసలు అర్థమేమిటో టీచరు గారిని అడగండి. సగం పాఠం అక్కడే తెలిసిపోతుంది.