నిత్యకృత్యమున నిష్ఠ: కరోలిన్ హెర్షెల్ చరిత్రము

లోకమున ఘనకార్యములు కొన్నియే, చిల్లరపనులు అనంతములు. ఇల్లూడ్చుట, కలుపు తీయుట, చిట్టా చూచి ఆవర్జాకెక్కించుట, నేడు చేసినదానినే రేపు మరల చేయుట: మానవుని ఆయుర్దాయములో అధికభాగము వీనికే వ్యయమగుచున్నది. ఇట్టి పనులను ఏవగించుకొనువాడు తన జీవితములో అధికభాగమును ఏవగించుకొనుచున్నాడన్నమాట. సంతోషముతో చేయుమని ఉపదేశించుట సులభము. కాని ఉపదేశించువారు తరచుగా ఆ పని చేయనివారే. కావున ఉపదేశమునకు బదులుగా, అట్టి పనులతోనే సుదీర్ఘజీవితమును నింపి, వానివలననే ఖగోళశాస్త్రమున శాశ్వతస్థానము సంపాదించిన యొక స్త్రీ చరిత్రమును మేము పాఠకులకు నివేదింపదలచితిమి.

కరోలిన్ హెర్షెల్ 1750వ సంవత్సరము మార్చి 16వ తేదీన జర్మనీలోని హానోవర్ నగరమున జన్మించెను. తండ్రి సైనిక వాద్యబృందములో వాద్యకాడు. పదియవ యేట విషజ్వరము సోకగా ప్రాణము దక్కినదిగాని ఎదుగుదల నిలిచిపోయి, ఆమె 4 అడుగుల 3 అంగుళములకు మించలేదు. ఈ పిల్లకు పెండ్లి కాదని ఇంటివారు నిశ్చయించుకొనిరి. మరికొంత విద్య నేర్పవలెనని తండ్రికి కోరిక. చదువను వ్రాయను వచ్చినది చాలును, ఇంటిచాకిరికి అంతకుమించి అక్కరలేదని తల్లి పట్టుదల. తల్లి మాటయే చెల్లెను. అంట్లు తోముటయు, బట్టలు కుట్టుటయు, అన్నదమ్ములకు మేజోళ్లు అల్లుటయు ఆమె దినచర్యయయ్యెను. మొదట అల్లిన మేజోడు, అల్లుచు నిలుచున్న ఆ పసిపిల్ల పాదములదాక వ్రేలాడెనట. వ్రాత రాని తల్లికిని, ఇరుగుపొరుగు సిపాయిల భార్యలకును ఉత్తరములు వ్రాసిపెట్టుటయు ఆమె పనియే.

అన్న విలియం ఇంగ్లండునకు పోయి బాత్ పట్టణమున సంగీతోపాధ్యాయుడుగా స్థిరపడి, 1772లో చెల్లెలిని తన యొద్దకు తీసికొనిపోవచ్చెను. చాకిరి చేయు మనిషి పోవుచున్నదని తల్లి వెనుదీయగా, ఆ స్థానమున వేరొక పనిమనిషిని పెట్టుకొనుటకు అతడు ధనమిచ్చి ఒప్పింపవలసివచ్చెను. కరోలిన్ మాత్రము బయలుదేరుటకు ముందే ఇంటివారికి రెండేండ్లకు చాలినన్ని మేజోళ్లు అల్లియుంచెను. పని తాను కోరినది కాదు. ఐనను దానిని సగములో విడిచి పోలేదు.

బాత్ పట్టణమున చాకిరి తగ్గలేదు. భాష తెలియని దేశమున సంత చేయుట, ఇంటిఖర్చుల లెక్కలు వ్రాయుట, సంగీతపు వ్రాతప్రతులకు నకళ్లెత్తుట ఆమెపై బడెను. వీనితోపాటు గానము నేర్చి కచ్చేరీలలో ప్రధానగాయనిగా పేరు గాంచుచున్న తరుణమున, అన్నకు నక్షత్రముల పిచ్చి పట్టెను. ఇల్లు కర్మశాలయయ్యెను. ఆమె గానవిద్య వెనుకబడెను. దీనికి ఆమె నొచ్చుకొనకపోలేదు.

ఆనాటి దూరదర్శినులకు లోహదర్పణములను చేతితో నునుపు చేయవలెను. పని ముగియువరకు చేయి తీయరాదు. ఒకమారు విలియం 16 గంటలు ఎడతెగక ఆ పనిలో నుండగా, కరోలిన్ ఆహారపు ముక్కలను అతని నోటికందించెను. చేయి ఆడుచు మనసు ఖాళీగనుండు పనులవేళ అరేబియా కథలవంటి పుస్తకములు చదివి వినిపించుచుండెను. పెద్ద దర్పణమునకు మూస చేయుటకు గుఱ్ఱపులద్దెను రోట దంచి జల్లెడ పట్టవలసివచ్చినప్పుడు, ఆ పనిలోను తన వంతు తాను చేసెను. ఆ మూస కారిపోయి దర్పణము చెడిపోయినది వేరుమాట.

హానోవరులో చేసినదియు చాకిరియే, బాత్‌లో చేసినదియు చాకిరియే. ఐనను ఒక భేదము కలదు. తల్లి పని చెప్పి తలుపు మూసెను. అన్న పని చెప్పి, అది దేనికో కూడ చెప్పెను. అల్పాహారవేళలలో గణితము నేర్పెను. తరువాత ఒక చిన్న దూరదర్శినిని ఆమె చేతికిచ్చెను. లద్దె దంచుట రుచికరమగు పని కాదు. కాని దాని చివర ఆకాశమున్నదని ఆమె ఎరుగును. ఉత్సాహమునకు మూలమిదియే యని మా విశ్వాసము.

1781వ సంవత్సరము మార్చి 13వ తేదీన విలియం యురేనస్ గ్రహమును కనుగొనెను. మరుసటియేట మూడవ జార్జిరాజు సాలుకు 200 పౌనుల వర్షాశనమేర్పరుపగా, అన్నాచెల్లెండ్రు సంగీతవృత్తిని మాని విండ్సర్ సమీపమునకు చేరిరి. అటుపిమ్మట సుమారు ఇరువదియేండ్లు వారి రాత్రులొక్కటే తీరున గడచెను. అన్న దూరదర్శినికడ నిలిచి తాను చూచినది కేక వేయును. చెల్లెలు గడియారమును, నక్షత్రపట్టికను ముందుంచుకొని కాలమును, స్థానమును వ్రాసికొనును. పగలు ఆ వ్రాతలను శుద్ధప్రతి యెత్తి, లెక్కలు కట్టి, పట్టికలో చేర్చును. చలికి సిరా గడ్డకట్టిన రాత్రులును కలవు. ఎక్కములు కంఠస్థము కాకపోగా, వ్రాసి చెంతనుంచుకొని లెక్కలు చేసిన మనిషి ఆమె. ఇట్లు 2,500 నీహారికలును నక్షత్రగుచ్ఛములును లోకమునకు తెలియవచ్చెను.

1783వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి, మంచుపై పరుగెత్తుచు ఆమె పడిపోగా, యంత్రమునకున్న ఇనుపకొక్కెము మోకాలిపైని తొడలో దిగెను. విడిపించునప్పటికి కొంత మాంసము కొక్కెముననే నిలిచిపోయెను. మిగిలిన రాత్రియంతయు మబ్బు పట్టినందున పనికి నష్టము రాలేదనుటయే తనకు ఊరటయని ఆమె వ్రాసికొనెను.

1786 ఆగస్టు 1వ తేదీన అన్న జర్మనీ ప్రయాణములో నుండెను. ఆనాడు పగలు నూరు నీహారికల లెక్క ముగించి, రాత్రి ఆకాశము పరికించుచుండగా ఆమెకొక క్రొత్త జ్యోతి కానవచ్చెను. మరునాటి రాత్రి అది స్థానము మారుటచే ధూమకేతువని రూఢియయ్యెను. 1797లోపల మొత్తము 8 ధూమకేతువులను ఆమె కనుగొనెను. పగటి లెక్కలలో అలవడిన కన్నుకే ఆ రాత్రి జ్యోతి దొరికెనని గ్రహింపవలెను.

అన్న అర్థింపగా 1787లో రాజు ఆమెకును సాలుకు 50 పౌనుల జీతమేర్పరచెను. జీవితమున తనదని తలచి స్వేచ్ఛగా ఖర్చుపెట్టుకొనదగిన మొదటి ధనమదియే. అప్పటికామెకు 37 ఏండ్లు. మరుసటియేట అన్న వివాహమాడగా, గృహయాజమాన్యమును వదినకప్పగించి వేరు బసకు పోవలసివచ్చెను. తదుపరి పదియేండ్ల దినచర్యవ్రాతలను ఆమె తానే నాశనము చేసెను. ఆ కాగితములలో ఎంత దుఃఖముండెనో ఊహించుకొనవచ్చును. ఆమె శిలావిగ్రహము కాదు, నొచ్చుకొన్న మనిషి. ఐనను పని యాగలేదు. ఇంగ్లండు తొలి ఆస్థానజ్యోతిషికుడగు ఫ్లామ్‌స్టీడ్ సిద్ధపరచిన నక్షత్రపట్టికకును, అతని పరిశీలనలకును పొత్తు కుదరని తావులు పెక్కు కలవు. ఆమె పంక్తి పంక్తియు సరిచూచి, తప్పులు దిద్ది, విడిచిపోయిన 560కి పైగా నక్షత్రములను చేర్చి సూచిక కూర్చగా, 1798లో రాయల్ సొసైటీవారు దానిని ప్రకటించిరి.

1822లో అన్న చనిపోగా ఆమె హానోవరునకు మరలిపోయెను. అప్పటికి 72 ఏండ్లు. విశ్రాంతి కోరదగిన ఆ వయస్సున, అన్నకుమారుడు జాన్ హెర్షెల్ మరల పరిశీలించుటకు వీలగునట్లు, ఆ 2,500 నీహారికలను వరుసక్రమమున అమర్చి క్రొత్తపట్టిక తయారుచేసెను. ఇందులకు 1828లో లండన్ ఖగోళశాస్త్ర సంఘము ఆమెకు స్వర్ణపతకమిచ్చెను. అది మరల ఒక స్త్రీకి లభించుట 1996లోనే. 1848వ సంవత్సరము జనవరి 9వ తేదీన, 97వ యేట ఆమె దేహము చాలించెను. ఆ పట్టిక సాయముతో మేనల్లుడు విస్తరించిన పనియే 1888 నాటి మహాపట్టికకు ఆధారమయ్యెను. నీహారికలను ఖగోళజ్ఞులు నేటికిని దాని సంఖ్యలతోనే పేర్కొనుచున్నారు.

ఈ చరిత్రమును చూపి, చాకిరి చేయువారిని నోరు మూసికొని సంతసింపుమనుట మా యభిప్రాయము కాదు. పనిని పొగడి పనివారిని మరచుట లోకమున ప్రాతరోగమే. మన యిండ్లలో వంట చేయు స్త్రీకిని, కొట్టులో లెక్క వ్రాయు గుమాస్తాకును, పొలమున కలుపు తీయు కూలికిని ఉత్సాహము లేదని విసుగుకొను యజమానులు, తాము కరోలిన్ తల్లివలె పని చెప్పుచున్నారా, అన్నవలె చెప్పుచున్నారా యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. పని దేనికో చెప్పుట, దానిలో నేర్పు సంపాదించుటకు దారి చూపుట, తగిన ప్రతిఫలమిచ్చుట యజమానుని ధర్మములు. ఇక పని చేయువారి విధి, వెనుక వచ్చువాడు మరల చేయనక్కరలేనట్లు చేయుట. కరోలిన్ వ్రాసిన అంకెలను నమ్మి తరువాతివారు ఆకాశమును చూచిరి. మనము నేడు వ్రాయు లెక్కను, దున్ను చాలును నమ్మి రేపు ఎవరో ఒకరు అడుగు వేయుదురు. ఈ ఎరుక కలిగిననాడు చిల్లరపనియును చిన్నదిగా తోచదు.