కరెంటుకు ఒకే దారి చూపిన ఫ్లెమింగ్ మహాశయుడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మొదట స్ఫురించిన పేరు సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ వేరు, ఈయన వేరు. మన మనవలు మూడు వేళ్ళు చాచి వల్లెవేసే ఎడమచేతి నిబంధన ఈయనదే. ఈయన్నే ఎంచుకోవడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఈయన కూడా కొంతకాలం గుమాస్తాగా పనిచేశారు. పైగా నాలాగే ఈయనకూ చెవులు సరిగా వినపడేవి కావు.

ఫ్లెమింగ్ 1849 నవంబరు 29న ఇంగ్లండులోని లాంకాస్టర్‌లో జన్మించారు. తండ్రి క్రైస్తవ మత బోధకుడు. ఏడుగురు సంతానంలో ఈయనే పెద్ద. తరువాత కుటుంబం లండన్ చేరింది. చదువుకు డబ్బు చాలక, లండన్‌లో షేర్ల వ్యాపారం చేసే ఒక సంస్థలో రెండేళ్ళు గుమాస్తాగిరీ చేశారు. పగలు లెక్కలు రాసి, సాయంత్రాలు పుస్తకం పట్టి, 1870లో బి.యస్సీ. పట్టా పుచ్చుకున్నారు. పిమ్మట పంతులుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో 1877లో కేంబ్రిడ్జిలో చేరారు. అక్కడ మాక్స్‌వెల్ అంతటి వారి పాఠాలు విన్నారు. ఒక్కోసారి ఆ తరగతిలో ఈయన ఒక్కరే విద్యార్థి.

1882లో లండన్‌లోని ఎడిసన్ దీపాల కంపెనీకి సలహాదారు అయ్యారు. 1885లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్య పదవి లభించింది. ఆ రోజుల్లో బల్బులు లోపల నల్లబడిపోయేవి. ఎందుకని పరిశోధిస్తూ ఎడిసన్ బల్బులో ఒక లోహపు రేకు అమర్చారు. రేకును తీగకన్నా ధనధ్రువంగా ఉంచితే మధ్యలోని ఖాళీలోనుంచి కరెంటు పారింది. రుణధ్రువంగా ఉంచితే పారలేదు. ఎడిసన్ దానిమీద 1883లో పేటెంటుకు దరఖాస్తు చేశారుగాని, ఆ వింతను ఎక్కువ దూరం తీసుకుపోలేదు. ఫ్లెమింగ్ అటువంటి బల్బులతో ఎన్నో ప్రయోగాలు చేసి, వాటిని బీరువాలో భద్రపరిచారు.

1899లో మార్కోనీ కంపెనీ ఆయన్ను సలహాదారుగా తీసుకుంది. 1901 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రం దాటి తొలి నిస్తంత్రీ సంకేతం వెళ్ళిందంటే, దాన్ని పంపిన పోల్డూ కేంద్రపు విద్యుత్ యంత్రాలకు రూపకల్పన చేసింది ఫ్లెమింగే. పేరు మాత్రం మార్కోనీకి వచ్చింది.

సంకేతాన్ని పంపడం ఒక ఎత్తు, పట్టుకోవడం మరొక ఎత్తు. అప్పట్లో టెలిఫోను చెవికి ఆనించుకొని సంకేతాలు వినేవారు. ఫ్లెమింగ్ గారికి వినికిడి తగ్గుతూ వచ్చింది. చెవితో వినలేనిది కంటితో చూడగలిగితే బాగుండునని, గాల్వనామీటరు ముల్లు కదలికలో సంకేతం చూడాలనుకున్నారు. కాని వచ్చేది ఏ.సి. కరెంటు. అది రంపం కోతలా ముందుకూ వెనక్కూ సెకనుకు లక్షలసార్లు ఆడుతుంది. ముల్లు ఎటు కదలాలో తెలియక నిలబడిపోతుంది. అది కదలాలంటే కరెంటు ఒకే దిక్కున పారాలి, అంటే డి.సి. కావాలి.

1904 అక్టోబరులో ఆయనకు బీరువాలోని పాత బల్బులు గుర్తుకొచ్చాయి. తీసి కలిపి చూశారు. ముల్లు కదిలింది. నవంబరు 16న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆయన దానికి పెట్టిన పేరు వాల్వు. సైకిలు ట్యూబులో వాల్వు గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. మన గుండెలోని కవాటాలూ అంతే. వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు రేకు వైపు పోగలవుగాని, చల్లని రేకు నుంచి వెనక్కు రాలేవు. రెండు ధ్రువాలు ఉన్నందున దీనికి డయోడు అనే పేరు స్థిరపడింది. అదే 1904లో మన జగదీశ్ చంద్ర బోసు గారి స్ఫటిక పరికరానికి అమెరికా పేటెంటు లభించిన సంగతి కూడా మనం మరువరాదు.

వాల్వు రేడియోలు చూసిన తరం మనది. మీట నొక్కగానే పలికేవి కావు. లోపల ఎర్రగా వెలిగి వేడెక్కేదాకా కాచుకొని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు వేడి అక్కరలేని సిలికాన్ డయోడులు వచ్చాయి గాని సూత్రం అదే. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకు, 50 సార్లు వెనక్కు పోతుంది. ఒక్క డయోడు పెడితే ముందుకు పోయే సగమే దక్కుతుంది. నాలుగింటిని వంతెనలా అమర్చితే వెనక్కు పోయే సగం కూడా అదే దిక్కుకు మళ్ళుతుంది. అప్పటికీ అది ఎగుడుదిగుడుగానే వస్తుంది. దానికి కెపాసిటరు జోడిస్తారు. కుళాయి నీళ్ళు ఆగి ఆగి వచ్చినా మేడమీది ట్యాంకు నుంచి ధార సమంగా వచ్చినట్లు, కరెంటు నిలకడగా అందుతుంది.

ఫ్లెమింగ్ గారి పేటెంటు హక్కులు కంపెనీకి పోయాయి. అమెరికాలో డి ఫారెస్ట్ 1906లో ఆ వాల్వులో మూడో ధ్రువం చేర్చడంతో కోర్టు వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి సాగాయి. చివరకు 1943లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన వయస్సు 93. కాగితం మీద హక్కు పోయింది, చేసిన పని మాత్రం పోలేదు.

ఉద్యోగ విరమణ చేసిన మనం నేర్చుకోవలసింది ఆయన చివరి అధ్యాయం నుంచే. 1926లో, 77వ ఏట రిటైరయ్యారు. 1929లో సర్ బిరుదు వచ్చింది. 1930లో టెలివిజన్ సొసైటీకి అధ్యక్షులయ్యారు. మొదటి భార్య 1917లో గతించగా, 1933లో 83వ ఏట ఒక గాయనిని పెళ్ళాడారు. 1874లో ఫిజికల్ సొసైటీలో మొట్టమొదటి పత్రం చదివిన ఆయనే, 65 ఏళ్ళ తరువాత 1939లో అక్కడే మరొక పత్రం చదివారు. 1945 ఏప్రిల్ 18న, 95వ ఏట సిడ్‌మత్‌లో కన్నుమూశారు.

రాత్రి పడుకోబోయే ముందు నా చెవి మిషనును చార్జరులో పెడతాను. గోడలోని ఏ.సి.ని డి.సి.గా మార్చేవి అందులోని డయోడులే. తనకు వినపడక ఆ పెద్దాయన వెదికిన దారి, ఇవాళ నాకు మనవరాలి మాట వినిపిస్తోంది.