కర్నల్ బెడ్డోమ్ – జయపురం బల్లి

మన గన్నవరం మదరాసు రాజధానిలో భాగమై యున్న కాలంలో, 1860 నుండి 1882 వరకు ఆ రాజధాని అటవీశాఖకు అధిపతిగా ఉన్న రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్‌ను ఇక్కడ స్మరిస్తున్నాము. 1830లో జన్మించిన ఆయన 1848లో మదరాసు సైన్యంలో చేరారు. అడవులే ఆయన పాఠశాలలయ్యాయి. నాటి విశాఖ మండలంలోని జయపురం కొండల్లో దొరికిన ఒకే ఒక నేలబల్లిని 1877లో వర్ణించి, దానికి ఆ సీమ పేరే పెట్టారు. 1911లో బెడ్డోమ్ కాలధర్మం చెందారు. ఆ బల్లి మాత్రం 130 ఏండ్లకు పైగా ఎవరి కంటా పడలేదు.

2012లో శాస్త్రజ్ఞులు తూర్పు కనుమల్లో దానిని తిరిగి కనుగొన్నట్లు ప్రకటించారు. దాని డి.ఎన్.ఏ.ను దక్షిణ భారత, సింహళ దేశాల బంధుజాతులతో పోల్చి, పరిణామక్రమంలో దాని స్థానాన్ని నిర్ణయించారు. అడవి మిగిలినందుననే బల్లి మిగిలింది. అడవియే అంతరిస్తే పరిణామగాథలోని ఆ పుటను మనం మరల ఎక్కడ చదువగలము?