హార్వర్డ్ డాక్టరేట్ ఇచ్చింది, కొలువు ఇవ్వలేదు: యల్లాప్రగడ సుబ్బారావు

1930లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ అందుకునే నాటికి యల్లాప్రగడ సుబ్బారావుకు 35 ఏళ్లు. మామగారు ఖర్చు పెట్టుకుని అమెరికా పంపిన అల్లుడాయన. చదువు ముగించుకుని వస్తాడని భార్య శేషగిరి ఎదురుచూస్తోంది. ఆయన మళ్లీ ఇంటిముఖం చూడలేదు.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు చదువు మొదటి నుంచీ ఇంటికి భారమే. తండ్రి చిరుద్యోగి, తొందరగానే పోయారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. రామకృష్ణ మిషన్‌లో సన్యాసిగా చేరాలనుకుంటే తల్లి వెంకమ్మ ఒప్పుకోలేదు. కొడుకు చదివి నిలబడాలన్నదే ఆమె పట్టుదల. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

అక్కడ ఖద్దరు వేసుకున్నందుకు శస్త్రచికిత్స ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. అప్పటికి శేషగిరి గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి వాడి ముఖం చూడనేలేదు.

ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వెలుగులోకి వచ్చాయి. ఇదంతా డాక్టరేట్‌కు ముందే.

ఇంత చేసిన మనిషికి ఆ పట్టా తర్వాత పదేళ్లు గడిచినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. కింది స్థాయి బోధనా పదవుల్లోనే ఉండిపోయారు. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన కాలమది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లోనే అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తేల్చేసింది. విశ్వవిద్యాలయంలోనూ, దేశంలోనూ ఆయనది తాత్కాలిక స్థానమే. ఎప్పుడొస్తావని ఇంటివాళ్లు అడిగితే చెప్పడానికి ఒక తేదీ ఉండని బతుకు.

1940లో విశ్వవిద్యాలయం వదిలి లెడర్లే మందుల కంపెనీలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ అక్కడే రూపుదిద్దుకుంది. లుకేమియా సోకిన పిల్లలపై సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చినవే. ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ వెలువడిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు.

సుబ్బారావు కథను మనం విజయగాథగానే చెప్పుకుంటాం. కానీ డాక్టరేట్‌కూ స్థిరమైన కొలువుకూ మధ్య గడిచిన ఆ పదేళ్లను ఆయన ఒక్కడే మోయలేదు. ప్రయోగశాలలో ఆయనకు కనీసం పని ఉంది. ఇక్కడ శేషగిరికి మిగిలింది నిరీక్షణే.